బరంపురంలో ఇద్దరి విందు: బైపాస్ కొత్త రెస్టారెంటా, గోపాల్‌పూర్ తీరమా, ఊళ్ళోని పాత హోటలా?

ఒడిశాలోని మా బరంపురంలో భార్యాభర్తలు ఇద్దరే కలిసి రాత్రి భోజనానికి బయటికి వెళ్ళాలనుకుంటే ఇప్పుడు మూడు దారులు కనిపిస్తున్నాయి. హల్దియాపదర్ వైపు, జాతీయ రహదారి బైపాస్‌ను ఆనుకుని, ఊరి అంచున కొత్తగా వెలుస్తున్న ఖరీదైన రెస్టారెంట్లు మొదటి దారి. సుమారు 16 కిలోమీటర్ల దూరంలోని గోపాల్‌పూర్ తీరపు హోటళ్ళు రెండవది. పెద్ద బజారు చుట్టుపక్కల మన తల్లిదండ్రుల కాలం నుంచి నడుస్తున్న పాత హోటళ్ళు మూడవది. ఇచ్ఛాపురం నుంచి, పర్లాకిమిడి నుంచి పట్టుచీరల కోసమో ఆసుపత్రి పనిమీదో వచ్చే మా బంధువులు రాత్రికి ఇక్కడే ఉండిపోతే ఈ మూడింటిలో ఎక్కడికి వెళ్ళమంటావని నన్నే అడుగుతూ ఉంటారు. మావారితో కలిసి ఈ మూడు రకాల చోట్లా చాలాసార్లు భోంచేసినదాన్ని కనుక, ఏది ఎప్పుడు బాగుంటుందో, ఏది ఎప్పుడు డబ్బుకు తగిన తృప్తి ఇవ్వదో వివరంగా రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఇద్దరూ తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవడమే ముఖ్యమైతే కొత్త రెస్టారెంటుకు వెళ్ళండి, కాని వారం మధ్యలో, రాత్రి ఏడు గంటలకే వెళ్ళండి. రుచి ముఖ్యమైతే పాత హోటలును మించినది లేదు. గోపాల్‌పూర్‌కు పౌర్ణమి నాడు గాని, ఆ మరునాడు గాని వెళ్ళాలి తప్ప, మిగిలిన రోజుల్లో రాత్రి భోజనం కోసమే అంత దూరం వెళ్ళడం దండగని నా నమ్మకం. వీటన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఒకటుంది. పెళ్ళిరోజు, పుట్టినరోజు వంటి ముఖ్యమైన రోజున కొత్త రెస్టారెంటులో మొదటిసారి అడుగు పెట్టకండి. దానికంటే ముందు ఒక మధ్యాహ్నం వెళ్ళి, తేలికగా ఏదైనా తిని, ఆ చోటు మీకు సరిపడుతుందో లేదో చూసి రండి.

ఈ మాట మా అనుభవం నుంచి వచ్చినది. మా పెళ్ళిరోజు నవంబరులో వస్తుంది. బైపాస్ పక్కన ఒక పెద్ద రెస్టారెంటు తెరిచి రెండు వారాలు కూడా కాకముందే, లోపల అద్దాల గోడలూ సన్నని దీపాలూ ఎంతో బాగున్నాయని విని, ఆ రోజు రాత్రి ఎనిమిదిన్నరకు అక్కడికి వెళ్ళాం. మన కార్తీకం ఇంకా నడుస్తోంది కనుక మాకు శాకాహారమే కావాలి. హాలు పెళ్ళివారి విడిదిలా కిక్కిరిసి ఉంది. ముప్పావుగంట నిలబడ్డాక స్పీకరు కింద ఉన్న టేబుల్ దొరికింది. మేము అడిగిన రొట్టెలు ముందు వచ్చి చల్లారిపోయాక కూర వచ్చింది. ఇద్దరమూ ఒకరికొకరం వినబడాలంటే అరవవలసి వచ్చింది. మావారు నాకోసం ప్రత్యేకంగా గడపాలనుకున్న రోజు అలా గడిచిపోయినందుకు బాధపడుతుంటే, నాకు అంతకంటే ఎక్కువ బాధ కలిగింది. ఇంటికి వచ్చి పెరుగన్నం కలుపుకుని తిన్నాక, పక్కింటి ఒడియా ఆవిడ చెబితే తెలిసింది, ఆ రోజు ఛాడఖాయి అని.

సరిహద్దు జిల్లాల్లో ఉండే తెలుగువారికి ఈ విషయం బాగా తెలియాలి. ఒడియావారి నెల పౌర్ణమితో ముగుస్తుంది, మన నెల అమావాస్యతో ముగుస్తుంది. అందువల్ల వారి కార్తీకం ఆశ్వయుజ పౌర్ణమి మరునాడు మొదలై కార్తీక పౌర్ణమితో పూర్తవుతుంది, మనది దీపావళి మరునాడు మొదలై కార్తీక అమావాస్య దాకా సాగుతుంది. రెండూ కలిసి నడిచేది పదిహేను రోజులే. ఆ నెలంతా మాంసం, చేప ముట్టని ఒడియా కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పౌర్ణమి మరునాడు ఆ నియమం వదిలే రోజే ఛాడఖాయి. ఆ రోజు చేపల బజారులోనూ మాంసం దుకాణాల్లోనూ వరుసలు కడతారు, సాయంత్రం హోటళ్ళన్నీ నిండిపోతాయి. మనకేమో అది కార్తీకంలో సరిగ్గా నడిమి రోజు. దీనికి భిన్నంగా, ఒడియా కార్తీకం నడిచే రోజుల్లో ఖరీదైన రెస్టారెంట్లలో మాంసాహారం అడిగేవారు తగ్గుతారు, టేబుళ్ళు తేలికగా దొరుకుతాయి. శాకాహారం తినే జంటకు ఏడాదిలో అంతకంటే మంచి సమయం ఉండదు. వారంలోనైతే సోమ, గురువారాలు ఇలాంటివే. చాలా ఒడియా ఇళ్ళలో ఆ రోజుల్లో మాంసం వండరు, బయటా తినరు, పైగా మార్గశిర గురువారాలు వారికి లక్ష్మీపూజ రోజులు. కనుక ప్రశాంతత కోరేవారు గురువారం వెళ్ళవచ్చు, తాజా చేప కోరేవారు బుధవారమో శుక్రవారమో ఎంచుకోవడం మంచిది. ఇక రెండేళ్ళకొకసారి జరిగే మా ఊరి అమ్మవారి జాతర, బుఢీ ఠాకురాణి యాత్ర, నడిచే నెలలో ఊళ్ళోని పాత హోటళ్ళవైపు రాత్రిపూట వాహనం తీసుకుని వెళ్ళడం కష్టమే. ఆ నెలలో మాత్రం బైపాస్‌దే పైచేయి.

అదే రెస్టారెంటుకు మూడు నెలల తరువాత ఒక మంగళవారం మళ్ళీ వెళ్ళాం, ఈసారి ఏడు గంటలకు. వంటవారూ, వడ్డించేవారూ, హాలూ అన్నీ అవే అయినా అనుభవం పూర్తిగా వేరు. దానికి కారణాలు లేకపోలేదు. కొత్తగా తెరిచిన చోట వంటగదికీ వడ్డనకూ మధ్య లయ కుదరడానికి కొన్ని వారాలు పడుతుంది. ఏ వంటకానికి ఎంతసేపు పడుతుందో సర్వరుకు తెలియదు, ఏ టేబుల్ ఎక్కడ ఉందో వంటగదికి అలవాటు కాదు. దీనికి తోడు ఫోన్లలో యాప్‌ల ద్వారా ఇళ్ళకు తెప్పించుకునేవారి ఆర్డర్లు కూడా అదే పొయ్యి మీదికి వస్తాయి. ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నరల మధ్య ఈ రెండు వరదలూ ఒక్కసారే వచ్చి పడతాయి. ఏడు గంటలకు వెళ్ళినవారికి తందూరు అప్పుడే బాగా వేడెక్కి ఉంటుంది, వంటవారి చేతులు ఖాళీగా ఉంటాయి, ఏది ఎలా కావాలో చెబితే వినే తీరిక ఉంటుంది. అందుకే కొత్త చోటును తెరిచిన తరువాత రెండు మూడు నెలలు వదిలిపెట్టి వెళ్ళమంటాను. ఆ లోపల గొప్పగా నడిచేవి నిలబడతాయి, హంగు మాత్రమే ఉన్నవి పలచబడతాయి.

టేబుల్ ఎంపికను చాలామంది పట్టించుకోరు గాని, ఇద్దరి భోజనానికి వంటకంకన్నా అదే ముఖ్యమని నేను అనుకుంటాను. కొత్త హాళ్ళలో నేల నున్నని పలకలు, గోడలు అద్దాలు, పైకప్పు ఎత్తు. మెత్తని తెరలూ తివాచీలూ లేకపోవడంతో నాలుగు టేబుళ్ళ మాటలు కలిసి హాలంతా హోరెత్తుతుంది. గోడ మూలన, స్పీకరుకు దూరంగా, వంటగది తలుపుకూ చేతులు కడిగే చోటుకూ ఎడంగా ఉండే టేబుల్ కావాలని ఫోనులోనే చెప్పండి. పుట్టినరోజు పార్టీ ఏదైనా ఉందా అని కూడా అడగండి, ఎందుకంటే కేకు కోసే పాట మొదలైతే గంటసేపు మీ మాటలు సాగవు. మేడమీద ఆరుబయట వేసిన బల్లలు నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో సముద్రపు తేమ వల్ల కూర్చున్న పది నిమిషాలకే పట్టుచీర ఒంటికి అంటుకుపోతుంది. అక్టోబరులో నేను అసలు మేడమీద టేబుల్ అడగను. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ నెలలో వాయుగుండాల భయం మా ఊరివారికి ఎప్పుడూ ఉంటుంది.

మెనూ విషయానికి వస్తే, కొత్త రెస్టారెంట్లలో అది పది పన్నెండు పేజీలు ఉంటుంది. చైనా వంటకాలు, పంజాబీ కూరలు, ఇటలీ పాస్తాలు, కబాబులు అన్నీ ఉంటాయి. అన్ని పేర్లు ఉన్నాయంటే అన్ని కూరలు విడివిడిగా వండుతారని అర్థం కాదు. టమాటాతో ఎర్ర గ్రేవీ, జీడిపప్పుతో తెల్ల గ్రేవీ, వేయించిన ఉల్లిపాయతో గోధుమరంగు గ్రేవీ పొద్దున్నే చేసిపెట్టుకుని, అడిగినప్పుడు అందులో పనీరో కోడిమాంసమో పుట్టగొడుగులో కలిపి పోపు పెట్టి ఇస్తారు. హోటళ్ళలో ఇది సర్వసాధారణమైన పద్ధతే, తప్పేమీ కాదు. అయితే ఇద్దరే ఉన్నప్పుడు రెండు కూరలూ ఒకే గ్రేవీవి తెప్పించుకుంటే రెండు గిన్నెల్లో ఒకే రుచి తిన్నట్టవుతుంది. ఒకటి గ్రేవీ కూర, మరొకటి తందూరులో కాల్చినదో పొడి వేపుడో, దానికి తోడు పప్పు ఒకటి, ఇంతే చెప్పండి. చాలకపోతే మళ్ళీ తెప్పించుకోవచ్చు.

ఇక్కడి నేల మీద పుట్టిన వంటలు ఆ మెనూ చివరి పేజీల్లో ఎక్కడో ఉంటాయి. నిజానికి మొదట చూడవలసింది ఆ పేజీనే. ఆవాల ముద్దతో చేసే చేపల బేసర, మన ఆవ పెట్టిన కూరకు దగ్గరి చుట్టం. కందగడ్డ, అరటికాయ, గుమ్మడి, బొప్పాయి ముక్కలు కందిపప్పుతో కలిపి ఉడికించి, పైన నేతి పోపు, వేయించిన జీలకర్ర మిరపకాయల పొడి వేసే దాల్మా మన ముక్కల పులుసుకు పులుపు తీసేసినట్టు ఉంటుంది. చిలికా రొయ్యలు, పీతలు మా జిల్లా భాగ్యం, ఎందుకంటే ఆ సరస్సు దక్షిణపు ఒడ్డు, రంభ ఊరితో సహా, గంజాం జిల్లాలోదే. తీపికి ఛెనాపోడ అడగండి. విరిగిన పాల ముద్దలో చక్కెర, రవ్వ కలిపి, మాడీమాడనట్టు కాల్చే ఈ తీపి, ఐస్‌క్రీముకన్నా వెయ్యి రెట్లు మేలు. బిరియానీ అడిగేవారు ఒక సంగతి గమనించండి. అందులో వచ్చే మొగలిపూల వాసన ఎక్కడినుంచో వచ్చినది కాదు. గంజాం తీరగ్రామాల్లో పూసే మొగలి నుంచి తీసిన కేవడా సారం దేశమంతటికీ వెళ్తుంది, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. చేయి తిరిగిన వంటవాడు దాన్ని చుక్కల్లో వేస్తాడు. మూత తీయగానే అత్తరు దుకాణంలా గుప్పుమంటే ఆ వంటగదిలో బిరియానీ తెలిసినవారు లేరని గ్రహించాలి.

సముద్రపు చేప తినదలచినవారు నెలను చూసుకోవాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. దానికి తోడు ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి కనుక నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ ముఖద్వారం చుట్టూ 20 కిలోమీటర్ల మేర వేట ఆపుతారు. ఇది మంచి నిర్ణయం, మనం గౌరవించవలసినది. అలాంటి రోజుల్లో మెనూలో సముద్రపు చేప పేరు కనిపిస్తే, ఇది ఎప్పటిది, ఎక్కడిది అని మర్యాదగా అడగండి. ఫ్రిజ్‌లో గడ్డకట్టించి ఉంచినదైతే ఆ ధర పెట్టకుండా చెరువు చేప గాని, చిలికా రొయ్య గాని అడగవచ్చు. అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. ఇలాంటి చోట్ల మెనూ ఇంగ్లీషులో, పలకరింపు ఒడియాలో ఉన్నా, ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చి పనిచేసే కుర్రవాళ్ళు తరచుగా ఉంటారు. మీ ఇద్దరి తెలుగు వినగానే వారే దగ్గరికి వచ్చి ‘ఈ రోజు ఇది బాగుందండీ’ అని చెబుతారు. ఆ మాట నమ్మితే నాకు ఎప్పుడూ నష్టం కలగలేదు. చివరగా మామూలు పెరుగు, తెల్లన్నం దొరుకుతాయో లేదో ముందే కనుక్కోండి. ఎంత విందు తిన్నా పెరుగన్నం పడకపోతే మనకు భోజనం ముగిసినట్టు ఉండదు.

గోపాల్‌పూర్ విషయంలో పెద్ద పొరపాటు జరుగుతూ ఉంటుంది. సముద్రం కనబడే టేబుల్ అని చెప్పి ఎక్కువ ధర తీసుకుంటారు, మనమూ సంతోషంగా ఇస్తాం, కాని అది తూర్పు తీరం. సూర్యుడు మన వెనుక, భూమివైపు అస్తమిస్తాడు. డిసెంబరులో సాయంత్రం సుమారు 5 గంటల 20 నిమిషాలకే అస్తమయం, జూన్‌లోనైనా సుమారు ఆరున్నరకే. ఎనిమిదింటికి వెళ్ళి కూర్చుంటే కిటికీ అవతల నల్లని చీకటి, అద్దంలో మన ముఖాలు, దూరంగా అలల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. అదే పౌర్ణమి నాడైతే సూర్యుడు పడమట దిగే వేళకే తూర్పున సముద్రంలోంచి చంద్రుడు లేస్తాడు. మరునాడు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా, అంటే సరిగ్గా చీకటి పడ్డాక లేస్తాడు కనుక ఇంకా అందంగా ఉంటుంది. నీళ్ళ మీద పరుచుకున్న ఆ వెండి దారిని ఇద్దరూ కలిసి చూస్తే ముందున్న పళ్ళెంలో ఏముందో గుర్తుండదు. అందుకే గోపాల్‌పూర్ వెళ్ళాలనుకుంటే పంచాంగం చూసి బయలుదేరండి. సాయంత్రం ఐదింటికల్లా ఒడ్డుకు చేరి, కాసేపు ఇసుకలో నడిచి, వెన్నెల చూసి, ఏడున్నరకు భోజనానికి కూర్చోండి. తిరుగు ప్రయాణానికి సొంత వాహనం గాని, ముందే మాట్లాడుకున్న టాక్సీ గాని ఉండాలి. రాత్రి తొమ్మిది దాటితే ఆటోలు దొరకడం కష్టం.

పాత హోటళ్ళ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అక్కడ దీపాలు తెల్లగా మండుతూ ఉంటాయి, పక్క టేబుల్‌వారి మోచేయి తగులుతుంది, తినగానే లేవమన్నట్టు బిల్లు వచ్చి కూర్చుంటుంది. అయినా ఆ మాంసం కూరలో ఉన్న రుచి, ఆ వేడి అన్నం మీద పడే పప్పు రుచి కొత్త చోట్ల నాకు ఇంతవరకు దొరకలేదు. ఏళ్ళ తరబడి ఒకే చేయి ఒకే కూర వండడం వల్ల వచ్చే రుచి అది. ఎక్కువసేపు కూర్చోవాలన్న కోరిక లేని రోజున, ఆకలి మీద ఉన్న రోజున, సినిమా చూసి వస్తున్న రోజున నిస్సంకోచంగా అక్కడికే వెళ్ళండి.

ఖర్చు లెక్క కూడా మూడు చోట్లా ఒకటి కాదు, ఇక్కడ కొంచెం జాగ్రత్త అవసరం. మామూలు రెస్టారెంటులో భోజనం మీద జీఎస్టీ 5 శాతం, బిల్లులో అది రెండున్నర చొప్పున రెండు భాగాలుగా కనిపిస్తుంది. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్ళలోని రెస్టారెంట్లలో అది 18 శాతం. అంటే 2,000 రూపాయల భోజనానికి బైపాస్‌లో 2,100 చెల్లిస్తే, తీరంలోని పెద్ద హోటలులో 2,360 చెల్లించవలసి రావచ్చు. ఇక సర్వీస్ చార్జి. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిని ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. కనుక బిల్లులో పది శాతం సర్వీస్ చార్జి కనబడితే తీసివేయమని నిదానంగా అడగండి. తీయకపోతే వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చు. ఆ డబ్బు మిగిలితే మీకు ప్రేమగా వడ్డించిన కుర్రవాడి చేతికే నేరుగా ఇవ్వండి, నేను అలాగే చేస్తాను. నీళ్ళ సీసా సంగతి వేరు. అక్కడ కూర్చుని తాగే సీసాకు ముద్రిత ధరకన్నా ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. అందుకని కూర్చోగానే సర్వరు సీసా మూత తిప్పేలోపు, ఫిల్టరు నీళ్ళు చాలని చెప్పండి. బిల్లు మీద 14 అంకెల ఆహార భద్రత లైసెన్సు నంబరు ఉండాలి. కొత్తగా తెరిచిన చోట నేను మొదట చూసేది అదే.

ఈ లెక్కలన్నీ వేసుకుని మేము ఈ ఏడాది పెళ్ళిరోజును రెండుగా విడదీశాం. అసలు రోజున ఇంట్లోనే వండుకుని, ఆ తరువాతి వారంలో ఒడియావారి రద్దీ తగ్గాక, మన కార్తీకం ముగిశాక, ఒక బుధవారం బైపాస్ రెస్టారెంటులో మూల టేబుల్ కోసం ముందు రోజు పొద్దున్నే ఫోను చేశాను. పార్టీ ఏదైనా ఉందా, స్పీకరు ఎటు ఉంది, చిలికా రొయ్యలు ఆ రోజు వస్తాయా అని మూడు ప్రశ్నలు అడిగాను. అవతల మాట్లాడిన అమ్మాయి వంటగదిలో కనుక్కుని పది నిమిషాల్లో తిరిగి ఫోను చేసి, రొయ్యలు పొద్దున రంభ నుంచి వస్తాయని, రెండు పళ్ళేలకు సరిపడా తీసి ఉంచమంటారా అని అడిగింది.